ఇలియన్ పైప్స్ నేర్చుకునే యువతకు సంప్రదాయం, సొంత బాణీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐర్లండ్‌కు చెందిన తిత్తివాద్యం ఇలియన్ పైప్స్‌ను ఇప్పుడు నేర్చుకుంటున్న తరం ముందు ఒక పాత ప్రశ్న మళ్లీ వచ్చి నిలబడింది. పెద్దలు వాయించినట్టే వాయించాలా, తమకంటూ ఒక బాణీని ఏర్పరచుకోవాలా అన్నదే ఆ ప్రశ్న. ఈ వాద్యాన్ని ఇష్టపడే శ్రోతలకు, నేర్చుకుంటున్న పిల్లలకు, వారి తల్లిదండ్రులకు సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను.

ఇలియన్ పైప్స్ అంటే ఎలాంటి వాద్యం? స్కాట్లండ్ బ్యాగ్‌పైప్‌కూ దీనికీ తేడా ఏమిటి?

బ్యాగ్‌పైప్ అనగానే సైనిక కవాతులో నిలబడి, నోటితో గాలి ఊదుతూ, మైదానమంతా మోగేలా వాయించే స్కాట్లండ్ హైలండ్ పైప్ మన కళ్ల ముందు మెదులుతుంది. ఇలియన్ పైప్స్‌ను మాత్రం సాధారణంగా ఇంట్లో, కుర్చీలో కూర్చొని వాయిస్తారు. కుడి మోచేతి కింద నడుముకు కట్టుకున్న చిన్న కొలిమితిత్తిని నొక్కుతూ ఉంటే గాలి ఎడమ చంకలో ఉన్న తోలుసంచిలోకి చేరుతుంది. ఆ సంచిని ఎడమ మోచేతితో అదిమినప్పుడు గాలి గొట్టాల్లోకి వెళుతుంది. నోటి తడి తగలదు కాబట్టి లోపలి రీడ్‌లను, అంటే గాలికి కంపించి నాదం పుట్టించే పలకలను, చాలా పలుచగా, సున్నితంగా చెక్కుకోవచ్చు. రాగాన్ని పలికించే గొట్టం పేరు చాంటర్. సన్నాయి పీకలాగే దీనికీ జంట రీడ్ ఉంటుంది, రెండు స్థాయిల పరిధి ఉంటుంది. మూడు డ్రోన్లు ఎడతెగని శ్రుతినిస్తాయి. వీటికి తోడు రెగ్యులేటర్లు అనే మరో మూడు గొట్టాలు ఉంటాయి. చేతివేళ్లు చాంటర్ మీద పనిలో ఉండగానే మణికట్టు అంచుతో వీటి మీటలను నొక్కి తోడుస్వరాలను పలికిస్తారు.

తెలుగునాట జానపద కళాకారులు వాడే మేకతోలు తిత్తి కూడా ఈ వాద్య కుటుంబానికి చెందినదే. అయితే మన తిత్తి శ్రుతిని మాత్రమే ఇస్తుంది, రాగం గాయకుడి గొంతులో ఉంటుంది. ఇలియన్ పైప్స్‌లో శ్రుతి, రాగం, తోడుస్వరం మూడూ ఒకే మనిషి చేతుల్లో ఉంటాయి కాబట్టి, బాణీ గురించిన చర్చకు ఇక్కడ ఇంత చోటు దొరికింది.

ఈ వాద్యం విషయంలో సంప్రదాయం అంటే ఖచ్చితంగా ఏమిటి?

చాలామంది సంప్రదాయాన్ని ఒక నియమావళిగా ఊహించుకుంటారు. ఇలియన్ పైప్స్ విషయంలో అలాంటి నియమావళి ఎక్కడా లేదు. ఇక్కడ ఉన్నది కొన్ని వేల వరుసలు (ట్యూన్లు), వాటిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా వాయించిన మనుషుల పరంపర. నాట్యానికి వాయించే రీల్ గాని జిగ్ గాని సాధారణంగా ఎనిమిది గతుల (బార్‌ల) చొప్పున రెండు భాగాలుగా ఉంటుంది. ఒక్కో భాగాన్ని రెండుసార్లు వాయించి, మొత్తాన్ని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. రాసుకుంటే అరపేజీ కూడా నిండదు. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓ నీల్ 1903లో ప్రచురించిన సంకలనంలో 1,850 వరుసలు ఉన్నాయి. ఆ పుస్తకాన్ని ఎంత క్షుణ్ణంగా చదివినా, ఆ కాలపు పైపర్ ఒక వరుసను రెండోసారి ఎత్తుకున్నప్పుడు ఏ స్వరాన్ని మార్చాడో, ఎక్కడ ఊపిరి తీసుకున్నట్టు చిన్న విరామం ఇచ్చాడో తెలియదు. అదంతా చెవి ద్వారానే ఒక మనిషి నుంచి మరో మనిషికి చేరింది. అందువల్ల ఈ సంప్రదాయాన్ని అనుసరించడమంటే ముందుగా కొందరు వ్యక్తుల వాద్యాన్ని దగ్గరగా వినడమే. సంప్రదాయాన్నీ వ్యక్తి బాణీనీ ఎదురెదురు పక్షాలుగా నిలబెట్టే వాదన ఇక్కడే తప్పటడుగు వేస్తుందని నా అభిప్రాయం.

టైట్ బాణీ, ఓపెన్ బాణీ అని తరచుగా వింటుంటాము. ఆ రెండింటి మధ్య భేదం ఏమిటి?

చాంటర్ కింది కొనను తొడ మీద పరచుకున్న తోలుముక్కకు ఆనించి, వేళ్లతో రంధ్రాలన్నీ మూసేస్తే గాలికి బయటికి పోయే దారి ఉండదు, స్వరం పూర్తిగా ఆగిపోతుంది. రాగం పలికే గొట్టాన్ని ఇలా క్షణంపాటు మౌనంగా ఉంచగలగడం చాలా బ్యాగ్‌పైపుల్లో సాధ్యం కాదు. ఈ వెసులుబాటును ఎంతవరకు వాడుకోవాలన్న ఎంపిక నుంచే రెండు బాణీలు పుట్టాయి.

టైట్ బాణీలో ఒక స్వరానికీ మరో స్వరానికీ మధ్య చాంటర్ మూతపడుతుంది. దేనికది తెగి, గింజలు రాలినట్టు స్పష్టంగా వినిపిస్తుంది. గాల్వే కౌంటీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, అక్కడి వినోద రంగస్థలాల మీద పేరు తెచ్చుకున్న ప్యాట్సీ టూహీ (1865–1923) ఈ బాణీకి గొప్ప ఉదాహరణ. ఆయన తన వాద్యాన్ని మైనపు సిలిండర్ల మీద రికార్డు చేసి తపాలా ద్వారా అమ్మాడు కాబట్టి, వందేళ్లు దాటినా మనం ఆ వేళ్ల వేగాన్ని వినగలుగుతున్నాము.

ఓపెన్ బాణీలో స్వరాలు ఒకదానిలోకి ఒకటి జారుతాయి. చాంటర్ తొడ మీది నుంచి తరచుగా పైకి లేస్తుంది, నాదం బిగ్గరగా, గరుకుగా, ఉప్పొంగినట్టు ఉంటుంది. ఐరిష్ ట్రావెలర్లు అనే సంచార సమాజానికి చెందిన జానీ డోరన్ (1908–1950) పేరు వినగానే ఈ బాణీయే గుర్తుకు వస్తుంది. గుర్రపుబండిలో ఊరూరా తిరుగుతూ సంతల్లో, పందేల దగ్గర, ఆటల మైదానాల బయట వాయించి పొట్టపోసుకున్న మనిషికి, గుంపులో చివరన నిలబడ్డవారికి కూడా వినిపించేలా వాయించడం జీవనావసరం. ఆయన వాద్యంలోని ఆ ఉధృతికి ఈ బతుకుతెరువు కూడా ఒక కారణమని గుర్తుంచుకోవాలి.

వీటిలో ఏది అసలైన సంప్రదాయం?

రెండూ అసలైనవే. పైగా నూటికి నూరుపాళ్లు టైట్‌గా గాని, ఓపెన్‌గా గాని వాయించిన గొప్ప వాదకులు అరుదు. ఎక్కువమంది ఒకే వరుసలో కొన్నిచోట్ల తెంపుతారు, కొన్నిచోట్ల కలుపుతారు. ఆ పాళ్లు ఎలా ఉండాలో ఎవరికి వారే నిర్ణయించుకుంటారు.

సొంత బాణీ ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి నిజమైన ఉదాహరణ ఏదైనా ఉందా?

విల్లీ క్లాన్సీ (1918–1973) జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. ఆయన ఐర్లండ్ పశ్చిమ తీరంలోని క్లేర్ కౌంటీ, మిల్‌టౌన్ మాల్‌బే ప్రాంతంవాడు. అదే కౌంటీలో గ్యారెట్ బ్యారీ (1847–1899) అనే అంధ పైపర్ ఉండేవాడు. విల్లీ పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే బ్యారీ కన్నుమూశాడు. అయినా విల్లీ తండ్రి గిల్బర్ట్ క్లాన్సీ బ్యారీని ఎరిగినవాడు, ఆయన వరుసలను గుర్తుపెట్టుకున్నవాడు. గిల్బర్ట్ వేణువు, కాన్సర్టీనా అనే చిన్న చేతి హార్మోనియం లాంటి వాద్యం వాయించేవాడు. అంటే ఒక పైపర్ సంగీతం పైపర్ కాని తండ్రి ద్వారా కొడుకుకు చేరిందన్నమాట. ఆ మధ్యలో ఎన్ని స్వరాలు మారాయో ఎవరూ చెప్పలేరు, అయినా ఆ వరుసలు ఈనాటికీ బ్యారీ పేరు మీదనే నిలిచి ఉన్నాయి.

తరువాత 1930లలో సంచారం చేస్తూ జానీ డోరన్ ఆ ప్రాంతానికి వచ్చాడు. పైప్స్ అంటే ఏమిటో యువకుడైన విల్లీకి కళ్లారా, చెవులారా తెలిసింది అప్పుడే. ఆపైన డబ్లిన్‌లో లియో రౌసమ్, జాన్ పాట్స్, టామీ రెక్ వంటి పైపర్ల సాంగత్యం దొరికింది. 1950లలో వడ్రంగి పని కోసం లండన్ వెళ్లి, తండ్రి మరణించిన 1957లో ఊరికి తిరిగి వచ్చాడు. ఇందరి ప్రభావం పడినా క్లాన్సీ వాద్యం డోరన్ వాద్యంలా వినిపించదు, రౌసమ్ వాద్యంలా కూడా వినిపించదు. డోరన్ ఉధృతి కొంత ఉంటుంది. తండ్రి నుంచి వచ్చిన క్లేర్ నాట్యపు లయ ఉంటుంది. ఆ రెండింటికీ చెందని, ఒక స్వరం దగ్గర కాస్త నిలిచి దానిని వంచే మెల్లని తీరు ఉంటుంది. నా బాణీ ఇది అని ఆయన ముందుగా గీత గీసుకొని బయలుదేరలేదు. తాను ప్రేమించిన నలుగురైదుగురి వాద్యాన్ని ఒకే శరీరంలోకి తెచ్చుకునే క్రమంలో కొన్నింటిని ఉంచుకున్నాడు, కొన్నింటిని వదిలాడు.

ఆయన 1973 జనవరిలో చనిపోయాడు. అదే ఏడాది జులైలో మిల్‌టౌన్ మాల్‌బేలో ఆయన పేరిట వేసవి పాఠశాల మొదలైంది. ఇప్పటికీ ఏటా జులైలో ఆ చిన్న ఊరు పైపర్లతో, ఫిడేలు వాదకులతో నిండిపోతుంది.

అయితే ఒక గురువును అచ్చంగా అనుకరించడం తప్పా?

కొంతకాలం పాటు తప్పు కాదు, అవసరం కూడా. ఒకరి వాద్యాన్ని స్వరం స్వరంగా, తప్పొప్పులతో సహా పట్టుకోవడానికి ప్రయత్నించినప్పుడే చెవి పదునెక్కుతుంది. ఆ శ్రమ చేయకుండా నాకు నచ్చినట్టు వాయిస్తానన్న పిల్లల దగ్గర వినిపించేది చాలాసార్లు సొంత బాణీ కాదు, వారి వేళ్లకు సులువుగా వచ్చిన అలవాటు మాత్రమే.

సమస్య ఒక్కరి దగ్గరే ఆగిపోయినప్పుడు మొదలవుతుంది. పైపర్ లియమ్ ఓ ఫ్లిన్ (1945–2018) ఉదాహరణ చూడండి. కిల్డేర్ కౌంటీకి చెందిన ఆయన చిన్నప్పుడు లియో రౌసమ్ దగ్గర నేర్చుకున్నాడు, ఆపైన విల్లీ క్లాన్సీ దగ్గర, షేమస్ ఎనిస్ దగ్గర చాలాకాలం గడిపాడు. ఆ ముగ్గురి తీర్లూ వేరు. నిండైన రెగ్యులేటర్ తోడుస్వరాలతో వాయించే రౌసమ్‌కూ, ఒక్కో స్వరపు రంగును వేళ్లతో తేల్చే ఎనిస్‌కూ మధ్య ఎంతో దూరం ఉంది. ముగ్గురు గురువులు మూడు రకాలుగా చెప్పినప్పుడు శిష్యుడు తప్పనిసరిగా తానే తేల్చుకోవలసి వస్తుంది. ఓ ఫ్లిన్ వాద్యంలోని నిగ్రహం, శుభ్రత ఆ తేల్చుకోవడంలో నుంచే వచ్చాయని నేను నమ్ముతాను.

ప్రసిద్ధులైన పాత రికార్డింగులే యువతను కట్టిపడేస్తున్నాయన్న మాట నిజమేనా?

కొంతవరకు నిజమే. జానీ డోరన్ వాద్యానికి మనకు మిగిలిన ఆధారం 1947లో ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ డబ్లిన్‌లో చేసిన డిస్కు రికార్డింగులే. ఆ మరుసటి ఏడాది గోడ కూలి ఆయన బండి మీద పడింది, ఆ గాయాల నుంచి కోలుకోకుండానే 1950 జనవరిలో కన్నుమూశాడు. ఏళ్ల తరబడి రోజుకో తీరుగా వాయించిన మనిషి నుంచి మన చేతికి చిక్కింది కొన్ని నిమిషాలు మాత్రమే. ఆ రోజు ఆయన ఒక వరుసలో చేసిన మార్పును ఇప్పుడు వందలమంది అదే చోట, అదే రీతిలో చేస్తున్నారు. మర్నాడు వాయించి ఉంటే ఆయనే దానిని ఇంకోలా వాయించి ఉండేవాడు. ఆయన అప్పటికప్పుడు చేసిన మార్పు ఇప్పుడు పాఠంగా గడ్డకట్టింది.

దీనికి మరో ముఖం కూడా ఉంది. బోతీ బ్యాండ్ అనే ఐరిష్ సంగీత బృందం ద్వారా 1970లలో ప్రసిద్ధుడైన ప్యాడీ కీనన్ (జననం 1950) వాద్యాన్ని విన్నవారంతా డోరన్ వారసత్వం అంటారు. కీనన్ కూడా ట్రావెలర్ కుటుంబం నుంచి వచ్చినవాడే. అయితే డోరన్ రికార్డింగును తాను తొలిసారి విన్నది టీనేజి చివరిలోనని, తన బాణీ నేరుగా తండ్రి నుంచి వచ్చిందని ఆయన చెప్పాడు. దగ్గరి పోలిక కనిపించిన ప్రతిచోటా అనుకరణ ఉందని అనుకోకూడదు. ఒకే సమాజం, ఒకే రకమైన జీవనం ఇద్దరి చేతుల్లో దగ్గరి నాదాన్ని పుట్టించగలవు.

ఒకప్పుడు అంతరించే దశకు వచ్చిన వాద్యం కదా. కాపాడుకోవాలన్న పట్టుదల వల్ల కొత్తదనానికి చోటు తగ్గిందా?

ఈ ప్రశ్నకు చరిత్రలోనే సమాధానం ఉంది. 1968లో కొందరు వాదకులు కలిసి నా పీబరీ ఇలియన్ అనే పైపర్ల సంఘాన్ని స్థాపించే నాటికి ఈ వాద్యాన్ని వాయించేవారు వందమంది కూడా లేరని అంచనా. తయారుచేసేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. సంఘానికి తొలి అధ్యక్షుడైన బ్రాందాన్ బ్రానాక్ (1912–1985) స్వయంగా పైపర్, జీవితమంతా వరుసలు సేకరించినవాడు. అటువంటి పరిస్థితిలో ఉన్నదాన్ని ఉన్నట్టు భద్రపరచాలన్న తపనే ముందుకు వస్తుంది, రావాలి కూడా. రికార్డింగులను సేకరించారు, రీడ్ చెక్కే విద్యను నలుగురికీ పంచారు, ఊరూరా తరగతులు పెట్టారు. డబ్లిన్‌లోని హెన్రియెటా వీధి 15వ నంబరు భవనం ఆ సంఘానికి కేంద్రమైంది. 2017లో ఇలియన్ పైపింగ్ యునెస్కో వారి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ ప్రాతినిధ్య జాబితాలో చేరింది.

ఇప్పుడు ఈ వాద్యాన్ని వాయించేవారు ఐర్లండ్ దాటి ఖండాంతరాల్లోనూ వేలల్లో ఉన్నారు. వాద్యం పోతుందేమోనన్న భయం తీరింది. అందువల్ల ఈ తరానికి పరిరక్షణ బరువు మునుపటి అంతగా లేదు, కొత్త దారి వెతికే తీరిక ఉంది. ఆ పెద్దలు భద్రపరచి ఉండకపోతే ఈ తీరిక దక్కేదే కాదన్న సంగతి కూడా యువతకు తెలియాలి.

పోటీలు పిల్లలందరినీ ఒకే మూసలో పోస్తున్నాయా?

ఐరిష్ సంప్రదాయ సంగీతం కోసం 1951లో ఏర్పడిన కోల్టస్ సంస్థ నిర్వహించే ఫ్లా క్యోల్ అనే సంగీతోత్సవపు పోటీల్లో పన్నెండేళ్ల లోపువారికి, పన్నెండు నుంచి పదిహేను వరకు, పదిహేను నుంచి పద్దెనిమిది వరకు, ఆపై వయసువారికి విడివిడి విభాగాలు ఉంటాయి. పోటీ ఉండటం వల్ల పిల్లలు శ్రుతి శుద్ధంగా పెట్టుకోవడం నేర్చుకుంటారు, పదిమంది ముందు కూర్చొని వాయించే ధైర్యం తెచ్చుకుంటారు. తోటి వయసువారిని కలుస్తారు. నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద లాభం ఇదే.

నష్టం కూడా లేకపోలేదు. కొన్ని నిమిషాల్లో న్యాయనిర్ణేతను మెప్పించాలన్న ఆలోచన వచ్చినప్పుడు పిల్లలు ప్రమాదం లేని దారినే ఎంచుకుంటారు. కిందటేడు గెలిచినవారి వేగం, వారి అలంకారాలు ఈ ఏడాది అందరి చేతుల్లోకీ వస్తాయి. పోటీకి సిద్ధం చేసే ఉపాధ్యాయులు అదే వరుసను ఇంట్లో ప్రతి రోజూ మరో రకంగా వాయించమని కూడా పిల్లలకు చెప్పాలి. అలా చేయని పిల్లవాడికి పతకం రావచ్చు గాని, ఆ వరుస మాత్రం వాడి చేతిలో అక్కడే ఆగిపోతుంది.

ఇంటర్నెట్ వల్ల మంచి జరిగిందా, చెడు జరిగిందా?

ఒకప్పుడు ఒక రికార్డింగు కోసం కౌంటీలు దాటి వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు టూహీ సిలిండర్లు మొదలుకొని నిన్నటి కచేరీ వరకు ఇంట్లో కూర్చొని వినవచ్చు, వేగాన్ని సగానికి తగ్గించుకొని వేళ్ల కదలికను పసిగట్టవచ్చు. టోక్యోలో, సియాటిల్‌లో నేర్చుకునేవారికి ఇది వరమే.

అయితే ఒక ప్రాంతపు సంగీతంలో యాస అనేది ఉంటుంది. శ్రీకాకుళంలో పెరిగిన పిల్లవాడికి ఆ యాస ఎవరూ పాఠంగా చెప్పరు. చుట్టూ అందరూ అలా మాట్లాడుతుంటే దానంతటదే వస్తుంది. టీవీ భాష మాత్రమే వింటూ పెరిగితే రాదు. క్లేర్ లయ గాని, ట్రావెలర్ల ఉధృతి గాని అలాంటివే. ఈనాటి యువ పైపర్ ఉదయం ఒకరిని, సాయంత్రం మరొకరిని వింటూ, అందరిలోనూ మెరిసే తునకలను మాత్రం ఏరుకుంటే, ఆ చేతుల్లో నైపుణ్యం పెరుగుతుంది గాని యాస ఏర్పడదు. ఎవరో ఒక్కరి వాద్యంతో కనీసం ఒక ఏడాది గడపమని నేను గట్టిగా సలహా ఇస్తాను.

యువ వాదకులు నిజంగా సొంత నిర్ణయం తీసుకోగల చోట్లు ఏవి?

ఇవి బయటివారికి చాలా చిన్నవిగా కనిపిస్తాయి. వాద్యం తెలిసినవారికి మాత్రం ఇందులోనే సర్వస్వం ఉంది.

ఒక రీల్‌లో నిడివైన స్వరం వచ్చిందనుకుందాం. దానిని అలాగే నిలపవచ్చు. పై వేలితో ఒకసారి, కింది వేలితో ఒకసారి మెరుపులా తాకి రోల్ అనే అలంకారం చేయవచ్చు. లేదా దానిని మూడు చిన్న స్వరాలుగా తెంపి టైట్‌గా రాల్చవచ్చు. మొదటిసారి నిలిపి, రెండోసారి రోల్ చేసి, మూడోసారి తెంపితే వినేవారికి వరుస ఎదుగుతున్నట్టు అనిపిస్తుంది. మూడుసార్లూ తెంపితే అది పరాక్రమ ప్రదర్శన అవుతుంది.

చాంటర్‌లో అన్నింటికంటే కింద ఉన్న డి స్వరానికి రోల్ సాధ్యం కాదు, ఎందుకంటే దాని కింద తాకడానికి మరో స్వరం లేదు. అందుకని పైపర్లు పై వేళ్లను ఒకదాని తరువాత ఒకటి చురుగ్గా ఎత్తి దించుతూ ఆ స్వరాన్ని చితికినట్టు పలికిస్తారు. దానిని క్రాన్ అంటారు. ఏ వేళ్లను, ఏ వరుసలో, ఎంత దూరం దూరంగా ఎత్తాలన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. క్రాన్ వింటేనే వాయిస్తున్నది ఎవరో చెప్పగల శ్రోతలు ఉన్నారు. అదే డి స్వరాన్ని మెత్తగానూ పలికించవచ్చు, చాంటర్‌ను తొడ మీది నుంచి ఎత్తి గద్దించినట్టుగానూ పలికించవచ్చు. ఇక సి నాచురల్ స్వరానికి ఒకటికి మించిన వేళ్ల అమరికలు ఉన్నాయి. ఒక్కోదానిలో స్వరపు రంగు మారుతుంది, స్థానం కూడా వెంట్రుకవాసి జరుగుతుంది. పాతకాలపు వాదకులు కొందరు దానిని సి, సి షార్ప్‌ల నడుమ ఎక్కడో ఉంచేవారు. పియానో శ్రుతికి అలవాటుపడిన చెవికి అది అపశ్రుతి అనిపిస్తుంది, గమకానికి అలవాటుపడిన మన చెవికి మాత్రం అంత ఇబ్బంది కలిగించదు.

రెగ్యులేటర్ల వాడకం మరో పెద్ద ఎంపిక. వరుస పొడుగునా తాళం వేసినట్టు నొక్కుతూ పోవచ్చు. ఎక్కడో ఒక్క చోట, భాగం ముగిసే ముందు, రెండు మీటలు మాత్రం తాకి వదిలేయవచ్చు. యువతలో చాలామంది మొదటి ఉత్సాహంలో ఎక్కువగా వాడతారు; కాలం గడిచేకొద్దీ చాలామందిలో అది తగ్గుతుంది.

మెల్లగా వాయించే స్లో ఎయిర్‌లలో లయ ఉండదు కదా, అక్కడ పూర్తి స్వేచ్ఛ తీసుకోవచ్చా?

అక్కడే అత్యంత జాగ్రత్త కావాలి. స్లో ఎయిర్‌లలో చాలా భాగం ఐరిష్ భాషలోని పాటల వరుసలే. పాటలోని మాట ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా స్వరాన్ని సాగదీస్తే అర్థం మధ్యలో తెగిపోతుంది. షేమస్ ఎనిస్ (1919–1982) స్లో ఎయిర్‌లు అంత బలంగా ఉండటానికి కారణం ఆయన పాటను ఎరిగి ఉండటమే. 1942 నుంచి 1947 వరకు ఫోక్‌లోర్ కమిషన్ తరఫున ఆయన సైకిల్ మీద కాగితం, కలం పట్టుకొని కనెమరా ప్రాంతంలో పాటలు సేకరించాడు. కోలమ్ ఓ కీన్ అనే ఒక్క గాయకుడి దగ్గరే రెండు వందలకు పైగా రాసుకున్నాడు. ఐరిష్ రాని యువ వాదకులు కనీసం ఆ పాటను పాడినవారి గొంతులో వినాలి, పాట దేని గురించో తెలుసుకోవాలి. ఆ తరువాత తీసుకునే స్వేచ్ఛకు ఎవరూ అడ్డు చెప్పరు.

బ్యాండ్‌లతో, ఆర్కెస్ట్రాతో కలిపి వాయిస్తే సంప్రదాయం చెడుతుందా?

ఈ భయం కొత్తది కాదు. 1972లో ఏర్పడిన ప్లాంక్స్‌టీ బృందంలో లియమ్ ఓ ఫ్లిన్ గిటార్, బుజూకీ అనే తంత్రీవాద్యాల నడుమ పైప్స్ వాయించాడు. 1980లో షాన్ డేవీ రచించిన ద బ్రెండన్ వాయేజ్ అనే ఆర్కెస్ట్రా కృతిలో ముఖ్య వాదకుడు కూడా ఆయనే. ఈ రెండుచోట్లా ఆయన చాంటర్ మీద వేళ్ల తీరును మార్చుకోలేదు. చుట్టూ ఉన్న సంగీతమే దానికి చోటిచ్చింది. దీనికి భిన్నంగా, చుట్టూ ఉన్న శబ్దంలో వినిపించడం కోసం అలంకారాలన్నీ వదులుకొని నిడివైన స్వరాలను మాత్రం పలికించే వాద్యం కూడా ఈనాడు తరచుగా వినిపిస్తోంది. అది చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే అలాంటి సంగీతం ఏ గొట్టంతోనైనా సాధ్యమే, ఈ వాద్యానికి ప్రత్యేకంగా చేయవలసిన పని అందులో ఏమీ మిగలదు.

వాద్యాన్ని బట్టి కూడా బాణీ మారుతుందా?

మారుతుంది. పాత వాద్యాలు ఎక్కువగా సి, బి వంటి తక్కువ శ్రుతుల్లో, సన్నని రంధ్రంతో, మెత్తని నాదంతో ఉండేవి. ద్రోగడ నుంచి అమెరికా వెళ్లి ఫిలడెల్ఫియాలో స్థిరపడిన టేలర్ సోదరులు 19వ శతాబ్దం చివరలో పెద్ద మందిరాలకు సరిపడేలా డి శ్రుతిలో బిగ్గరగా పలికే వాద్యాలను తయారుచేశారు. నేటి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ శ్రుతితోనే మొదలుపెడతారు, ఎందుకంటే ఫిడేలు, వేణువులతో కలిసి వాయించడం సులువు. కొన్నాళ్లయినా తక్కువ శ్రుతి వాద్యాన్ని వాయించినవారికి తాము అనవసరంగా ఎంత బలం వాడుతున్నారో అర్థమవుతుంది.

అమ్మాయిలకు ఈ పరంపరలో చోటు ఉందా?

ఉంది, ఎప్పటినుంచో ఉంది. 20వ శతాబ్దం తొలినాళ్లలోనే కార్క్‌లో మే మెకార్తీ, మోలీ మారిసీ వంటి పైపర్లు పేరు పొందారు. వారి గురించి చెప్పుకోవడం మాత్రం చాలా కాలం మరుగున పడింది. ఇప్పుడు తరగతుల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

పైపర్ కావడానికి ఇరవై ఒక్క ఏళ్లు పడుతుందంటారు. నిజమేనా?

ఏడేళ్లు నేర్చుకోవడం, ఏడేళ్లు సాధన, ఏడేళ్లు వాయించడం అని ఐర్లండ్‌లో నానుడి. లెక్కగా తీసుకోనక్కరలేదు. అయితే పదహారేళ్ల వయసులో ఇంకా సొంత బాణీ రాలేదని బెంగపడే పిల్లలకు ఈ మాట ఊరటనిస్తుంది. ఆ వయసులో కావలసినది శ్రుతి నిలకడ, సంచి మీద సమానమైన ఒత్తిడి, మంచి రీడ్.

ఐర్లండ్‌లో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు దీనిని నేర్చుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

నిస్సందేహంగా నేర్చుకోవచ్చు. డబ్లిన్‌లో ఉన్నవారు ముందుగా నా పీబరీ ఇలియన్ తరగతుల గురించి విచారించాలి. పూర్తి వాద్యం ధర వేల యూరోల్లో ఉంటుంది, మంచి తయారీదారుల దగ్గర ఏళ్ల తరబడి వేచి ఉండాలి. అందువల్ల తొందరపడి ఎక్కడో చవకగా దొరికినది కొనకండి. అలాంటివాటిలో చాలా వరకు శ్రుతికి నిలవవు, పిల్లలు తమకే రావడం లేదని నిరాశపడతారు. సంఘం వారు విద్యార్థులకు వాద్యాన్ని అద్దెకిచ్చే పథకం నడుపుతున్నారు. సంచి, కొలిమితిత్తి, చాంటర్ మాత్రమే ఉండే ప్రాక్టీస్ సెట్‌తో మొదలుపెట్టి, డ్రోన్లు, ఆపైన రెగ్యులేటర్లు ఒక్కొక్కటిగా చేర్చుకోవడం ఇక్కడి పద్ధతి. ఇంట్లో కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలకు శ్రుతి జ్ఞానం, విని పట్టుకునే అలవాటు ముందే ఉంటాయి కాబట్టి తొలి ఏడాది కొంత తేలికవుతుంది. రెండింటినీ కలిపి కొత్త సంగీతం చేయించాలన్న తొందర మాత్రం తల్లిదండ్రులు పడకూడదు. ముందు కొన్ని జిగ్‌లు, కొన్ని రీల్‌లు పిల్లల చేతుల్లో కుదురుకోనివ్వండి, జులైలో వీలైతే ఒక వారం మిల్‌టౌన్ మాల్‌బేకు తీసుకువెళ్లండి.